ఐదో ఎడిషన్ కోసం సొంత సాహసం రాశాం, అట్ట మీద ఏం వేయొచ్చు?

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలాట ఐదో ఎడిషన్ రూల్స్‌తో ఆడేలా తెలుగులో 32 పేజీల సాహసం (ఆడే కథ) సిద్ధమైంది. మంత్రాల వివరాలు ఎస్‌ఆర్‌డీ 5.1 (ఆట కంపెనీ బయటపెట్టిన మూల రూల్స్ పత్రం) నుంచి తెలుగు చేసినవి. మూడో గదిలో బిహోల్డర్ అనే ఆ ఆట రాక్షసప్రాణి ఉంటుంది. అట్ట మీద డ్రాగన్ ఆకారంలోని యాంపర్‌సాండ్ (&) లోగో వేసి, కింద ‘హక్కులు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్‌వి’ అని ఆట కంపెనీ పేరు రాస్తే చాలా? ఇప్పుడు ఉచితమే, తర్వాత 99 రూపాయలు పెట్టాలని ఉంది.

జవాబు: చాలదండీ. లోగో ముందు తీసేయండి. హక్కులు ఎవరివో ఒప్పుకున్నంత మాత్రాన వాడుకునే అనుమతి వచ్చినట్టు కాదు.

మీకు రెండు దారులున్నాయి, కలపకండి. ఒకటి విజర్డ్స్ వాళ్ల ఫ్యాన్ కంటెంట్ పాలసీ, అంటే అభిమానులు చేసే పనులకు పెట్టిన నియమాలు. దాని కింద పని పూర్తిగా ఉచితంగా ఉండాలి. డబ్బే కాదు, చదవాలంటే ఈమెయిల్ ఇవ్వమని అడిగినా కుదరదు. లోగోలు, ట్రేడ్‌మార్కులు అక్కడా వాడకూడదు. రూల్స్ పాఠం ఎత్తి పెట్టడానికి అది పనికిరాదు. 99 రూపాయల ఆలోచన ఉంది కాబట్టి మీది రెండో దారి: ఎస్‌ఆర్‌డీ 5.1ను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 అనే ఉచిత లైసెన్సు కింద ఇచ్చారు. అమ్ముకోవచ్చు, అనువదించుకోవచ్చు.

షరతు ఆపాదన, అంటే ఎవరి నుంచి తీసుకున్నారో చెప్పడం. ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్ మొదట్లోనే ఆ వాక్యాలు ఉంటాయి. వాటిని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు దించండి. తెలుగు అర్థం కావాలంటే కింద వేరే ఇవ్వండి. అనువాదం కూడా మార్పే, కాబట్టి ‘తెలుగు చేశాం, మార్పులున్నాయి’ అని పక్కన రాయాలి. విజర్డ్స్ గురించి అంతకు మించి ఇంకో ఆపాదన వద్దని వాళ్లే రాశారు. మీ ‘హక్కులు ఫలానావారివి’ లైను అందుకే పోవాలి.

ప్రశ్న: అయితే ఏ ఆటకు పనికొస్తుందో ఎలా చెప్పేది?

జవాబు: ‘ఐదో ఎడిషన్‌కు అనుకూలం’ లేదా ‘5ఈ’ అనండి. ఈ మాటలకు ఎస్‌ఆర్‌డీలోనే అనుమతి ఉంది. సీసీ బై 4.0 కాపీరైట్ వరకే. ట్రేడ్‌మార్క్ హక్కులు ఇవ్వదని లైసెన్సులోనే స్పష్టంగా ఉంది. మన 1999 ట్రేడ్‌మార్క్స్ చట్టం 30వ సెక్షన్, ఒక వస్తువుకు అనుబంధంగా పనికొచ్చేదాన్ని గుర్తించడానికి అవసరమైనంత మేర ఆ వస్తువు పేరు వాడుకోనిస్తుంది. కానీ అది వివాదం వచ్చాక చెప్పుకునే వాదన. అట్ట మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు పెద్దక్షరాల్లో, వాళ్ల అక్షరశైలిలో కనిపిస్తే కొనేవాడు ఇది కంపెనీ పుస్తకమే అనుకుంటాడు. ఆ వాదన బలం తగ్గేది అక్కడే.

మీ సొంత పేరు పక్కన సున్నాలో ‘ఆర్’ ఉండే గుర్తు (®) వేయకండి. రిజిస్టర్ కాని మార్కును అయినట్టు చూపడం 107వ సెక్షన్ కింద నేరం.

ప్రశ్న: బిహోల్డర్‌కు ‘వేయికళ్ల బంతి’ అని పేరు మారిస్తే?

జవాబు: పేరొక్కటే మార్చి, గాలిలో తేలే గుండ్రటి తల, నడిమి కన్ను, పైన కాడల చివర కళ్లు అలాగే ఉంచితే ట్రేడ్‌మార్క్ నుంచి తప్పుకొని కాపీరైట్‌లో పడతారు. బిహోల్డర్ బలాబలాల అంకెల పట్టిక ఎస్‌ఆర్‌డీలో లేదు, మైండ్ ఫ్లేయర్ అనే ప్రాణిదీ లేదు. ఔల్‌బేర్, జెలాటినస్ క్యూబ్ అనే ప్రాణులు ఉన్నాయి. గదికి చూపుతో దెబ్బతీసే ప్రాణే కావాలంటే బాసిలిస్క్ ఉంది, దాని చూపు పడితే రాయి కావచ్చు.

మంత్రాల పేర్లూ సరిచూడండి. ఆటగాళ్ల పుస్తకంలో ‘బిగ్బీస్ హ్యాండ్’ అనేది ఎస్‌ఆర్‌డీలో ‘ఆర్కేన్ హ్యాండ్’. ‘టాషాస్ హిడియస్ లాఫ్టర్’లో టాషా ఉండదు, ‘మెల్ఫ్స్ యాసిడ్ యారో’లో మెల్ఫ్ ఉండడు. అలవాటు కొద్దీ పాత పేర్లు చొరబడేది ఇక్కడే. 32 పేజీలూ ఒకసారి సెర్చ్ కొట్టండి. ఆట నడిపేవారికి ‘డంజన్ మాస్టర్’ అని ఉన్నచోట ‘గేమ్ మాస్టర్’ పెట్టండి, ఎస్‌ఆర్‌డీ వాడేది అదే.

బిహోల్డర్ లేకుండా కుదరదంటే డీఎమ్స్ గిల్డ్ అనే అమ్మకపు వెబ్‌సైట్ ఉంది. అక్కడ కంపెనీ ప్రపంచాలు, ప్రాణులు వాడనిస్తారు. అమ్మకపు డబ్బులో మీకు వచ్చేది సగం, అదే సాహసాన్ని ఇంకోచోట అమ్మకూడదు.

అట్ట మార్చాక ఫైలు పేరు, పీడీఎఫ్ ప్రాపర్టీస్‌లో టైటిల్, అమ్మకపు పేజీలో చిన్న బొమ్మ కూడా మార్చండి. పాత లోగో ఎక్కువగా మిగిలేది ఆ చిన్న బొమ్మలోనే.