‘తెప్పలుగ చెరువు నిండిన’: ఇక్కడ తెప్పలు అంటే ఏమిటి?

గిండీ స్కాలర్:
అందరికీ నమస్కారం. వచ్చే ఆదివారం చెన్నైలోని మన తెలుగు విద్యార్థులకు ఓపెన్ సోర్స్ గురించి, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ గురించి తెలుగులోనే చెప్పాలి. ఆ ప్రాజెక్టులు ఏళ్ల తరబడి ఎలా నిలబడతాయి, పనిచేసేవాళ్లు మధ్యలో ఎందుకు వెళ్లిపోతారు అన్నదే నా పీహెచ్‌డీ. మొదటి స్లయిడ్‌లో సుమతి పద్యం పెడదామనుకున్నాను. ‘కప్పలు పదివేలు చేరు’ నోటికొచ్చు. అంతకుముందున్న మాటే పీకుతోంది. మా తాతయ్య ‘దెప్పలుగ’ అని చదివేవారు. తెప్పలు తేలేటంత నీళ్లనా, ఊరికే నిండుగా అనా? రెండో పాదంలో ‘అప్పుడె’నా, ‘అప్పుడు’నా?

మైలాపూరు మాస్టారు:
ఇదిగోనమ్మా:

ఎప్పుడు సంపద గలిగిన
నప్పుడె బంధువులు వత్తు రది యెట్లన్నన్
దెప్పలుగఁ జెరువు నిండినఁ
గప్పలు పదివేలు చేరుఁ గదరా సుమతీ!

తాత్పర్యాల్లో ‘నిండుగా’ అని రాసి దాటేస్తారు. నేను ఒప్పుకోను. తెప్ప అంటే తెప్పే. ఏటా తై నెలలో కపాలీశ్వరుడి కోనేట్లో చూస్తూనే ఉన్నాం. అడుగున మోకాలి లోతు నీళ్లుంటే తెప్ప తిరగదు. ఈశాన్య రుతుపవనం బాగా కురిసి కోనేరు నిండితేనే దానికి అందం. కవి చూసింది అలాంటి చెరువునే.

పెరంబూరు అక్క:
మాస్టారూ, ఆ మాటను తెచ్చింది ప్రాస. ఎప్పుడు, అప్పుడె, కప్పలు అయ్యాక మూడో పాదానికి ‘ప్ప’ తప్పదు. దొరికింది పెట్టాడు.

మైలాపూరు మాస్టారు:
ప్రాసకే అయితే ‘గొప్పగను జెరువు నిండిన’ అన్నా కందానికి సరిపోతుంది. మాత్రలు లెక్కపెట్టి చూడమ్మా. అంత తేలికైన మాటను వదిలి దీన్ని పట్టుకున్నాడంటే కారణం ఉండాలి.

వేళచ్చేరి అనంతపురం:
నా లెక్క వేరు. ఇక్కడి తమిళంలో వానకు తడిసి ముద్దయితే ‘తొప్పలా ననైంజుట్టేన్’ అంటారు. ‘తెప్పలా’ అనేవాళ్లూ ఉన్నారు. మన ‘తెప్పలుగ’ దాని చుట్టమే. పడవా లేదు, ఉత్సవమూ లేదు. ఇంకోటి, కప్పలు చెరువు నిండేదాకా ఆగవు సార్. మా ఊళ్లో తొలకరి పడి గుంటలో జానెడు నీళ్లు చేరితే చాలు, ఆ రాత్రే బెకబెకలు మొదలు. గుడ్లు పెట్టేది కూడా ఒడ్డున లోతులేని నీళ్లలోనే.

పెరంబూరు అక్క:
తడవడం వేరు, నిండడం వేరు తమ్ముడూ. చెరువు తడుస్తుందా?

ఓఎంఆర్ రాత్రి షిఫ్టు:
మాట సంగతి మీరు తేల్చండి. నాకు కప్పల మీదే అభ్యంతరం. ఓ చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీని, అంటే వేరే ప్రోగ్రాములు వాడుకునే కోడ్‌ను, నేనూ ఇంకొకాయనా చూస్తున్నాం. పేరొచ్చాక జనం వచ్చారు, నిజమే. వాళ్లను కప్పలంటే మనసు ఒప్పదు. మేడమ్, ఒక్కసారి వచ్చి చిన్న మార్పు చేసి వెళ్లిపోయేవాళ్ల మీద పరిశోధనలు లేవా?

గిండీ స్కాలర్:
ఉన్నాయండి. 2016లో పింటో, స్టైన్‌మాకర్, జెరోసా అచ్చంగా వాళ్ల మీదే పేపర్ రాశారు. పేరున్న ప్రాజెక్టుల్లో ఒకే ఒక్క కమిట్ (కోడ్‌లో నమోదయ్యే ఒక మార్పు) చేసినవాళ్లను లెక్కేస్తే మొత్తం మనుషుల్లో 48.98 శాతం. వాళ్ల కమిట్లు మాత్రం 1.73 శాతం. అవి అక్షరదోషాలు దిద్దడమే కాదు, బగ్‌లు సరిచేసినవీ, కొత్త ఫీచర్లు చేర్చినవీ ఉన్నాయి. అదే ఏడాది అవెలీనో బృందం ‘ట్రక్ ఫ్యాక్టర్’ లెక్క కట్టింది. ఎంతమంది ఒక్కసారిగా తప్పుకుంటే పని ఆగిపోతుందో ఆ సంఖ్య అన్నమాట. 133 ప్రాజెక్టులు చూస్తే 65 శాతంలో అది రెండు, లేదా అంతకన్నా తక్కువ. నేను ఆ పద్యాన్ని పట్టుకున్నది ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసే. చేరినవాళ్లు వేలమంది, గట్టు కాసేవాళ్లు ఇద్దరు.

ఓఎంఆర్ రాత్రి షిఫ్టు:
అయితే పద్యం సగమే సరిపోతుంది. వచ్చిన ప్రతి మార్పునూ చదవాలి, నడిపి చూడాలి, వద్దంటే మర్యాదగా ఎందుకో చెప్పాలి. అవతలాయనకు పది నిమిషాల పని, నాకు ఆదివారం మధ్యాహ్నం మొత్తం. అందులో వాళ్ల తప్పు లేదు. మా లైబ్రరీని వాడుకునే కంపెనీల నుంచి ఒక్కరూ ‘ఈ వారం రివ్యూలు మేం చేస్తాం’ అనలేదు. నా బాధంతా అదే. పద్యంలో చెరువు నింపినవాడు లేడు, పూడిక తీసినవాడు లేడు.

మైలాపూరు మాస్టారు:
బాబూ, పద్యం చుట్టాల గురించి. ‘అప్పుడె’లోని ‘ఎ’ను గట్టిగా పలుకు. సంపద ఉన్నప్పుడే వస్తారు, లేనప్పుడు రారు. వాళ్ల మీద కవికి కోపముందని నేననుకోను. లోకం నడత చెబుతున్నాడు. ‘అప్పుడు’ అని చదివితే ఆ పట్టు పోతుంది, మాత్రలకు మాత్రం ఏ లోటూ రాదు.

వేళచ్చేరి అనంతపురం:
సంపద లేనప్పుడు వచ్చిన చుట్టం సంగతేంటి సార్? ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ (XZ) అనే సాఫ్ట్‌వేర్ చూడండి. ఒక్కడే చూసుకుంటున్న ప్రాజెక్టు. మనసు బాగుండట్లేదని ఆయనే రాసుకున్నాడు. పని నెమ్మదిగా సాగుతోందని కొత్త పేర్లతో కొందరు దెప్పిపొడిచారు. అదే సమయంలో ‘జియా టాన్’ అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేసి, నమ్మకం సంపాదించి, పగ్గాలు అందుకుని, చివరికి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే పద్ధతి) లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి తవ్వితే బయటపడింది. ఎండిన చెరువుకు వచ్చినవాణ్ని ఏమనాలో ఈ పద్యం చెప్పదు.

గిండీ స్కాలర్:
మా ల్యాబ్‌లో దీని మీద చాలా వాదించుకున్నాం. నిఘా పెంచాలని అందరూ అంటారు. నేను ముందు అడిగేది, ఆ మనిషి అలిసిపోయినప్పుడు పక్కన ఇంకో నమ్మకస్తుడు ఎందుకు లేడని. 2012లో జో, మోకస్ గ్నోమ్, మొజిల్లా ప్రాజెక్టుల్లో ఎక్కువకాలం నిలిచేవాళ్లెవరని చూశారు. వచ్చినవాడికి ఇష్టం ఉంటే సరిపోదు, మొదట్లో వాడికి దొరికిన వాతావరణం కూడా లెక్కే. తొలి రోజుల్లో జవాబిచ్చే మనిషి కావాలి. ఆ మనిషికి తీరిక కావాలి. తీరికకు డబ్బు కావాలి. నా థీసిస్‌లో నేను పట్టుబట్టేది దీని మీదే. ఇంటర్నెట్‌లో సమాచారాన్ని భద్రంగా పంపడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌కు పెద్ద కంపెనీలు చేతులు కలిపి డబ్బివ్వడం 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డాకే మొదలైంది.

మైలాపూరు మాస్టారు:
డబ్బు అన్నావు కాబట్టి బ్రౌన్ దొరను తలుచుకోకుండా ఉండలేను. వేమన పద్యాలు ఊరికొక పాఠంగా చెదిరిపోతుంటే రాతప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు చూపించాడు. కడప బంగళాలో పండితులను కూర్చోబెట్టి జీతాలిచ్చాడు, సొంత జీతం చాలక అప్పులు చేశాడు. పోగుచేసిన ప్రతులను మన మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. 1852 నాటి ఆయన నిఘంటువు ఇవాళ్టికీ నా బల్ల మీదే ఉంది. వేమన విషయానికొస్తే, ‘విశ్వదాభిరామ’ మకుటం...

పెరంబూరు అక్క:
వేమనకు ఇంకో చర్చ పెట్టుకుందాం మాస్టారూ! బ్రౌన్ అనగానే దొర ఒక్కడే గుర్తొస్తాడు. జూలూరి అప్పయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి వంటి పండితులు కూర్చుని సరిచూడకపోతే ఆ పాఠాలు ఎక్కడివి? వాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

ఓఎంఆర్ రాత్రి షిఫ్టు:
అక్క చెప్పింది ఈ లెక్కలకూ వర్తిస్తుంది. ఆ 1.73 శాతం కమిట్ల లెక్క. డాక్యుమెంటేషన్ చదివి ఇక్కడ అర్థం కావట్లేదని చెప్పినవాళ్లు, కొత్తవాళ్ల ప్రశ్నలకు జవాబిచ్చినవాళ్లు అందులో ఉండరు.

పెరంబూరు అక్క:
అనువాదకులు కూడా. తెలుగు స్థానికీకరణలో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని మాటలను తెలుగులోకి మార్చే పనిలో, కొన్నాళ్లు పనిచేశాను. ‘ఫైల్ సేవ్ చెయ్యి’ అనాలా, ‘దాచు’ అనాలా అని ఒక్క బటన్ కోసం ఎంతసేపు వాదించుకున్నామో. ‘దాచు’ అంటే కనపడకుండా చేయడం కూడా కదా! ఆ వాదనంతా అయ్యాక ఫైలును ఒక్కరే ఎక్కించేవారు. కమిట్ ఆ ఒక్కరి పేరు మీదే ఉండేది. అమ్మాయ్, నీ థీసిస్‌లో మాలాంటివాళ్లను ఎలా లెక్కపెడుతున్నావు?

గిండీ స్కాలర్:
కమిట్లతో పాటు చర్చలు, బగ్ రిపోర్టులు, రివ్యూ వ్యాఖ్యలు కూడా తీసుకుంటున్నాను అక్కా. అనువాద ఫైళ్లలో పైభాగాన అనువాదకుల పేర్లు రాసే వరుస ఉంటుంది, అది కూడా చూస్తాను. ఆ వరుసలో మీ పేర్లు రాసేవారా?

పెరంబూరు అక్క:
కొన్నిట్లో రాశాం. పాత ఫైళ్లు నా దగ్గరున్నాయి, రాత్రికి పంపిస్తాను.

వేళచ్చేరి అనంతపురం:
‘దాచు’ వద్దక్కా, ‘భద్రపరచు’ ఉందిగా.

మైలాపూరు మాస్టారు:
బటన్‌లో అంత పొడవు మాట ఇముడుతుందా? ‘దాచు’కు దాచిపెట్టడం, దాచుకోవడం రెండూ ఉన్నాయి. డబ్బు దాచుకున్నాం అంటే కనపడకుండా చేశామనా?