ఆస్పత్రి సీన్లు ఇంత అబద్ధంగా ఎందుకుంటాయి? తప్పు నటులదా, రాసేవాళ్లదా?

నైట్‌డ్యూటీ:
నేను ఐసీయూలో నర్సుని. సీరియల్ అయినా సినిమా అయినా ఒకటే తంతు. మానిటర్ మీద గీత చదునుగా అయిపోతుంది, డాక్టర్ షాక్ ఇస్తాడు, పేషెంట్ మంచం మీద ఎగిరిపడతాడు, గీత మళ్లీ లేస్తుంది. నిజానికి గీత పూర్తిగా చదునైపోయాక షాక్ ఇవ్వరు. గుండె లయ తప్పి గజిబిజిగా అదురుతున్నప్పుడు దాన్ని దారిలో పెట్టడానికే షాక్. చదునుగీత వస్తే మేం ఛాతీ నొక్కుతాం, అడ్రినలిన్ ఇస్తాం.

ఆ నొక్కడం అయితే చూడలేం. మోచేతులు వంచి, తలుపు తట్టినట్టు నొక్కుతారు. పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. రెండేసి నిమిషాలకి మనిషి మారకపోతే చేతుల్లో బలం ఉండదు. ఎవరైనా నర్సుని ఒక్క మాట అడిగితే ఇదంతా తెలిసిపోతుంది.

అంతకంటే కష్టంగా అనిపించేది ఆ తర్వాత సీన్. డాక్టర్ బయటికొచ్చి కళ్లజోడు తీసి ‘సారీ’ అంటాడు. ఇంటిల్లిపాదీ ఒకేసారి గొల్లుమంటారు. కెమెరా ఒక్కో ముఖం మీదకి మూడేసి సార్లు దూసుకెళ్తుంది. నేను చూసినవాళ్లలో చాలామందికి ఆ క్షణంలో ఏడుపు రాదు. భర్త పోయాడని చెబితే ఒకావిడ ‘ఆయన ఫోన్ చార్జింగ్‌లో పెట్టొచ్చాను, తీసుకురమ్మంటారా?’ అంది. ఇంకొకాయన చేతిలో ఉన్న రిపోర్టు కాగితాన్ని మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెడుతూ నిలబడిపోయాడు. ఏడుపు ఎప్పుడో లిఫ్ట్ దగ్గరికెళ్లాక వచ్చింది. ఇలా ఎందుకు రాయరు? రాసినా నటులు చెయ్యలేరా? ఈ ఫీల్డ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

క్లాప్‌బోర్డు:
అక్కా, నేను సీరియల్స్‌లో అసోసియేట్ డైరెక్టర్‌ని. చెయ్యగలరు. చేసే వీలు మేం ఇవ్వం. డైలీ సీరియల్ అంటే రోజుకో ఎపిసోడ్ వెళ్లిపోవాలి. సీన్ పేపర్ చాలాసార్లు షూటింగ్ రోజు పొద్దున్నే, ఆర్టిస్టులు మేకప్‌లో ఉండగా వస్తుంది. డైలాగ్ నేర్చుకునే టైమ్ ఉండదు కాబట్టి కెమెరా పక్కన నిలబడి ప్రాంప్టింగ్ ఇస్తాం. ఒక ముక్క మేం చెప్తాం, వాళ్లు అంటారు, తర్వాత ఇంకో ముక్క. ఏడుపు సీన్‌లోనూ అంతే. చెవి మా వైపు పెట్టిన మనిషికి ఎదురుగా ఉన్నవాళ్ల మాట ఏం వినిపిస్తుంది? డైలాగ్ మొదలుపెట్టే ముందు వాళ్ల కళ్లు గమనించండి, ఒక చిన్న తడబాటు కనిపిస్తుంది. మా మాట కోసం ఎదురుచూడటం అది. డబ్బింగ్‌లో మా గొంతు పోతుంది గానీ ఆ చూపు పోదు.

క్లోజప్ తీసేసరికి ఎదుటి ఆర్టిస్ట్ ఇంకో షూటింగ్‌కి వెళ్లిపోయి ఉండొచ్చు. అప్పుడు లైట్ స్టాండ్ వైపు చూసి ‘అమ్మా’ అని ఏడవాలి. కన్నీళ్లకి గ్లిజరిన్ ఉంటుంది, ముఖంలో భావానికి ఏముంటుంది?

మోచేతుల సంగతి వేరు. బతికున్న మనిషిని మోచేతులు వంచకుండా నిజంగా అంత లోతుకి నొక్కితే పక్కటెముకలు విరగొచ్చు, అందుకే వంచుతారు. పడుకున్న మనిషి బదులు బొమ్మ పెట్టి, ఫ్రేమ్ భుజాల వరకే కట్ చేస్తే చక్కగా వస్తుంది. అంత తీరిక దొరకదు.

అరువుగొంతు:
డబ్బింగ్ ఆర్టిస్ట్‌ని. తెర మీద ఆర్టిస్ట్ ఊరికే చూస్తూ ఉన్నచోట కూడా ఊపిరి, వెక్కిళ్లు, ‘హా’ వెయ్యమంటారు. నిశ్శబ్దంగా ఉంటే జనం చానల్ మార్చేస్తారని భయం. బాగా చేసిన మౌనాన్ని నా గొంతుతో కప్పాల్సి రావడం చాలా బాధేస్తుంది.

వెనకవరస:
అన్నీ నిజంలాగే ఉండాలంటే డాక్యుమెంటరీ చూసుకోవచ్చు కదండీ. పనులన్నీ ముగించుకుని కాసేపు కూర్చుంటాం, ఏడవాలనిపిస్తే ఏడుస్తాం. స్టేజీ మీద పాట పాడుతూ ప్రాణం వదిలినా జనం చూడలేదా?

నైట్‌డ్యూటీ:
పాట పాడుతూ పోతే నాకూ అభ్యంతరం లేదండీ, అది పాటని అందరికీ తెలుసు. ఇక్కడ మానిటరు, మాస్కు, గౌను అన్నీ నిజమైనవి పెట్టి నమ్మమంటున్నారు, జనం నమ్ముతున్నారు. 1996లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక పరిశీలన వచ్చింది. ఈఆర్, చికాగో హోప్, రెస్క్యూ 911 అనే అమెరికన్ టీవీ షోలలో ఛాతీ నొక్కే సీన్లు చూసి లెక్కవేశారు. వాటిలో 75 శాతం మంది అప్పటికి బతికేశారు. బయట, ఆస్పత్రికి దూరంగా గుండె ఆగినవాళ్లలో బతికి ఇంటికెళ్లేవాళ్లు చాలాచోట్ల పదిమందిలో ఒకరు కూడా ఉండరు. ‘షాక్ ఎందుకివ్వట్లేదు, మా నాన్నని వదిలేశారా?’ అని మమ్మల్ని నిలదీసినవాళ్లున్నారు. వాళ్లు చూసిందే అడుగుతున్నారు, వాళ్లనేమంటాం? ఆ ఇంట్లో ఆ అనుమానం ఏళ్లతరబడి ఉండిపోతుంది.

కటింగ్‌టేబుల్:
ఎడిటర్‌ని. సుమారు వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖం షాట్‌నే మూడు వేరువేరు షాట్ల పక్కన అతికించి చూపించాడు. ముఖం మారలేదు. చూసినవాళ్లు మాత్రం ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం కనిపించాయన్నారట. ముఖం ఖాళీగా ఉన్నా పక్కన సరైన షాట్ ఉంటే ప్రేక్షకుడే నింపుకుంటాడు. మీరు చెప్పిన ఆ కాగితం మడతపెట్టే చేతులు ఒక్క షాట్ ఉంటే నాకు ఏడ్చే ముఖాలు అక్కర్లేదు. కానీ ఆ షాట్ తియ్యాలంటే ముందు పేపర్ మీద ఉండాలి. కాబట్టి తప్పు మొదట రాతదే అంటాను.

క్లాప్‌బోర్డు:
ఒప్పుకుంటాను. అక్కా, ఒక సాయం చెయ్యండి. వచ్చే షెడ్యూల్లో హీరోయిన్ కోమాలోంచి లేచే సీన్ ఉంది. వెంటిలేటర్ మీద ఉంటుంది, కళ్లు తెరవగానే భర్త పేరు చెప్పాలి. ఎలా ఉంటే బాగుంటుంది?

నైట్‌డ్యూటీ:
వెంటిలేటర్ ట్యూబ్ స్వరతంతువుల మధ్యలోంచి శ్వాసనాళంలోకి వెళ్తుంది తమ్ముడూ, అది ఉండగా మాట రాదు. కళ్లు కూడా ఒక్కసారిగా తెరుచుకోవు. మూస్తారు, తెరుస్తారు, మనవైపు చూసినా మనల్ని చూడరు. వేళ్లు బిగించమంటే ఒకసారి బిగిస్తారు, ఇంకోసారి బిగించరు. కొందరు అయోమయంలో ట్యూబ్ లాగేసుకోబోతారు, ఆ భయంతోనే మేం మంచం పక్కనుంచి కదలం. చాలారోజులు పడుకున్న మనిషికి చెయ్యి ఎత్తడమే కష్టం, లేచి కౌగిలించుకోవడం కుదరదు. పేరు చెప్పించాలంటే ట్యూబ్ తీశాక పెట్టండి. గొంతు బొంగురుగా ఉంటుంది, సగం మాటకే దగ్గొస్తుంది. పెదవులు ఎండి పగిలి ఉంటాయి, అది మేకప్‌వాళ్లకి ముందే చెప్పండి. భర్త పాత్రకి డైలాగ్ వద్దు, తడి దూది ఇచ్చి ఆ పెదవులు తడపమనండి, మా దగ్గర ఇంటివాళ్లు చేసేది అదే. సీన్ పేపర్ వచ్చాక మెసేజ్ పెట్టండి, డ్యూటీ అయ్యాక చూసి చెప్తాను.