అలుగునూ పుట్టగొడుగునూ ఏ కొలతతో పోల్చాలి?

నల్లమల అడవిలో ఒకే చెదపుట్టను ఆశ్రయించే రెండు జీవులు ఎంత అరుదో పోలుస్తూ వ్యాసం రాస్తున్నాను. తెలిసినవారి సాయం కోరుతున్నాను. అలుగు (ఒంటినిండా పొలుసులుండే పాంగోలిన్ అనే జంతువు) రాత్రివేళ బలమైన గోళ్లతో పుట్టను తవ్వి, పొడవాటి జిగురు నాలుకతో చెదలను తింటుంది. ఆ చెదలే లోపల పెంచుకునే శిలీంధ్రం వానలు పడ్డాక కొద్ది రోజులు మాత్రమే పుట్టగొడుగులుగా పైకి వస్తుంది. చెదలు లేకుండా దానిని పంటగా పండించడం మనుషులకు ఎంతో కష్టం. అలుగుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఇచ్చే జాబితాలో, చోటు ఉంది. గొడుగు కనిపించకపోయినా శిలీంధ్రం పుట్టలో సజీవంగానే ఉండవచ్చు గనుక, జంతువులను లెక్కించే పద్ధతులు దానికి సరిపోవని నా అభిప్రాయం. అలాంటప్పుడు అది ఎంత అరుదో పుట్టల లెక్కతో చూడాలా, మొలిచిన గొడుగుల లెక్కతోనా? అలుగు తవ్విన పుట్టపై మరుసటి ఏడాది గొడుగులు మొలవడాన్ని గమనించినవారు ఎవరైనా ఉంటే, దయచేసి వివరంగా తెలియజేయగలరు.