కొత్తవాడ దర్రీలకు గిరాకీ తెచ్చేది రీల్సా, రాతా?

ఓరుగల్లు దర్రీ (ప్రశ్న):
నేనూ నా దోస్తూ హనుమకొండలో చిన్న స్టార్టప్ పెట్టాం. వరంగల్ కొత్తవాడ నేతకారుల దగ్గర దర్రీలు, జంపఖానాలు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం. చేతిలో డబ్బు తక్కువ, పని చేసేది మేమిద్దరమే. ఉన్నదంతా ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మీద పెడదామని, ఈ రోజుల్లో చదివేవాళ్లు లేరని దోస్తు అంటున్నాడు. నాకేమో మా వెబ్‌సైట్‌లో బ్లాగు రాస్తూ గిరాకీ పెంచుకోవాలని ఉంది. ముందు ఏది పట్టుకోవాలి? ఎందుకో కూడా చెప్పండి.

కరీంనగర్ అక్క:
మీ దోస్తు మాటే కరెక్ట్ తమ్ముడూ. దర్రీ కంటితో చూస్తేనే మనసు పడుతుంది. మగ్గం మీద రంగు దారాలు కలిసే తీరు రాతలో ఎట్లా చూపిస్తావు? నాది పచ్చళ్ల వ్యాపారం. రీల్ చూసినవాళ్లు వాట్సాప్‌లో ధర అడుగుతారు, బేరం అక్కడే, ఫోన్‌పే అక్కడే. వాట్సాప్ బిజినెస్‌లో క్యాటలాగ్ పెట్టుకుంటే ఫొటో, ధర మళ్లీ మళ్లీ పంపే పని కూడా ఉండదు. బ్లాగు పేజీ గూగుల్‌లో పైకి రావడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా సరుకుకు డబ్బెట్లా కడతారు?

మడికొండ టెకీ:
అక్కా, రీల్ తొందరగా గిరాకీ తెస్తుందన్నది నిజమే. కానీ 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు ఏమైందో గుర్తు చేసుకోండి. లక్షల్లో ఫాలోవర్లున్నవాళ్లకు కూడా ఒక్కసారిగా ఆ దారి మూసుకుపోయింది. ఆ ఫాలోవర్ల ఫోన్ నంబర్లు తీసి పెట్టుకున్నవాళ్లు ఎంతమంది? మన వెబ్‌సైట్ మన చేతిలో ఉంటుంది.

అంతకన్నా పెద్ద సంగతి, దర్రీ కొనేది ఎవరన్నది. హైదరాబాద్‌లో కొత్త ఫ్లాటులోకి దిగినవాళ్లను తీసుకోండి. కాటన్ దర్రీ ఇంట్లో ఉతకొచ్చా, రంగు పోతుందా, నాలుగు బై ఆరు అడుగులది మంచం పక్కన సరిపోతుందా, చేనేతదో మిషన్‌దో ఎట్లా గుర్తుపట్టాలి అని వెతుకుతారు. అలా అడిగే మనిషి అప్పటికే కొనే ఆలోచనలో ఉన్నాడు. రీల్ చూసేవాడు బస్సు కోసం నిలబడి ఫోన్ తిప్పుతున్నాడు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వ్యాసం రాయండి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, అంటే ఆ పేరు పెట్టి ఎక్కడి సరుకు పడితే అది అమ్మకూడదు. ఈ విషయం కొనేవాళ్లలో చాలామందికి తెలియదు, చెప్పాల్సింది మీరే.

షేర్లు కొని అమ్మడానికి ఖాతాలు తెరిచే బెంగళూరు కంపెనీ జెరోధాను చూడండి. వర్సిటీ పేరుతో స్టాక్ మార్కెట్ పాఠాలు ఉచితంగా పెట్టింది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఖాతా తెరిచే రోజున ఆ పేరే ముందు గుర్తొస్తుంది.

కరీంనగర్ అక్క:
కాటన్ దర్రీ అని వెతికితే పెద్ద ఈకామర్స్ కంపెనీలే పైన వస్తాయి తమ్ముడూ. కొత్త సైటును ఎవరు చూస్తారు?

మడికొండ టెకీ:
ఆ మాట మీద వాళ్లతో పోటీ వద్దు. దర్రీ మీద చాయ్ ఒలికితే ఏం చేయాలో ఆ కంపెనీలు రాయవు. అక్కడ మనకు చోటుంది.

కొత్తవాడ మగ్గం:
మీరంతా గిరాకీ గురించే మాట్లాడుతున్నారు, మగ్గం సంగతి కూడా వినండి. మా నాన్న దర్రీలు నేస్తాడు. ఒక రీల్ పేలి వంద ఆర్డర్లు వస్తే వారంలో ఎవరు నేస్తారు? ఆగమైపోయి మిషన్ సరుకు కలుపుతారు, కొన్నవాడు గుర్తుపడతాడు, చెడ్డపేరు కొత్తవాడకు వస్తుంది. నా మట్టుకు నెమ్మదిగా వచ్చే గిరాకీయే మాకు మేలు.

ఇంకోటి. వీడియో తీసేవాళ్లు లైటు పడలేదు, మళ్లీ నెయ్యి అంటూ పూటంతా గడుపుతారు. మాకు నేసినదానికే కూలి, మగ్గం ఆగితే పైసా రాదు. రీల్ అయినా బ్లాగు ఫొటో అయినా ఆ పూట కూలి కట్టివ్వండి. ముఖం చూపించే ముందు ఒక మాట అడగండి.

ఓరుగల్లు దర్రీ:
మగ్గం లెక్క మేం అసలు మాట్లాడుకోలేదన్నా. నెలకు ఎన్ని దర్రీలు దిగుతాయో చూసుకుంటే రాతతోనే మొదలుపెట్టాలి. ఉతకడం మీద వ్యాసం ఈ వారమే రాస్తాను. దోస్తుకు కూడా ఇదంతా చూపిస్తాను. వీడియో తీస్తే కూలి గంట లెక్కన ఇవ్వాలా, పూట లెక్కన ఇవ్వాలా?

కొత్తవాడ మగ్గం:
పూట లెక్కే. గంట అని వచ్చినవాళ్లు మధ్యాహ్నం దాకా ఉంటారు. డబ్బు కూడా ఆ రోజే ఇవ్వండి, సరుకు బిల్లులో కలపొద్దు.