మేరు ప్రస్తారం: ఒక్కో వరుసను ఒకే సంఖ్యగా రాయడం

ప్రశ్న (విజయనగరం, లెక్కల ఉపాధ్యాయిని):
10వ శతాబ్దంలో ఛందశ్శాస్త్ర వ్యాఖ్యాత హలాయుధుడు వివరించిన మేరు ప్రస్తారంలోని (పై రెండు గడుల మొత్తాన్ని కింది గడిలో రాస్తూ పోయే సంఖ్యల త్రిభుజం, అంటే పాస్కల్ త్రిభుజం) 1, 2, 1 అనే వరుసను ప్రధానాంకాలకు ఘాతాంకాలుగా వేస్తే 2¹ × 3² × 5¹ = 90 అవుతుంది. అన్ని వరుసలనూ ఇలా మార్చినప్పుడు 2, 6, 90, 47250 వస్తున్నాయి. త్రిభుజం వైపు చూడకుండా తరువాతి పదాన్ని రాబట్టవచ్చునా?

జవాబు (టెక్కలి):
తప్పకుండా రాబట్టవచ్చునండి. 90లోని ప్రతి ప్రధాన కారణాంకానికి బదులు దాని తరువాతి ప్రధానాంకాన్ని ఉంచితే 3 × 5² × 7 = 525 వస్తుంది; దానిని 90తో గుణిస్తే సరిగ్గా 47250. ప్రధానాంకాన్ని ఒక మెట్టు జరపడమంటే వరుసను ఒక గడి కుడికి జరపడమే, గుణించడమంటే ఘాతాంకాలను కూడడమే కనుక, పై రెండు గడుల మొత్తమే కింది గడి అన్న మేరువు నియమం ఇక్కడ గుణకారంగా కనబడుతోంది. నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఇది.

జవాబు (బొబ్బిలి):
ప్రతి సంఖ్యనూ ప్రధానాంకాల లబ్ధంగా ఒకే విధంగా రాయగలమన్న అంకగణిత ప్రాథమిక సిద్ధాంతం వల్ల సంఖ్య నుంచి వరుసను తిరిగి పొందగలం. అయితే వేరే త్రిభుజాలలో వరుస చివర సున్నా ఉంటే, 7⁰ = 1 కనుక దాని ఆనవాలు మిగలదు; అప్పుడు వరుస పొడవు విడిగా తెలిసి ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. ఈ పద్ధతిలోనే 47250 × 1414875 = 66852843750 వచ్చింది; ఘాతాంకాలు 1, 4, 6, 4, 1.