కడవలో స్పీకరు పెడితే బేస్ నిజంగా పెరిగేదా?

సముద్రపుగాలి (కావలి):
1992లో పదో తరగతి సెలవుల్లో 810 ఐసీ (శబ్దం పెంచే చిప్పు) బోర్డు మీద నా మొదటి ఆంప్లిఫయరు బిగించినా. 9-0-9 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, రెండు డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ కండెన్సరు. ఆన్ చేస్తే పాటకన్నా ముందు గుయ్యిమని హమ్మింగ్. కండెన్సరు మార్చి 2200 వేస్తే తగ్గింది. ఆరంగుళాల స్పీకరు బల్ల మీద పెడితే ఉత్త రేకుడబ్బా మోత. మా అవ్వ నీళ్ళ కడవ ఖాళీ చేసి మూతి మీద పెట్టేసరికి డోలు దెబ్బ రొమ్ముకు తగిలింది. అదంతా భ్రమ నాన్నా అంటున్నాడు మా అబ్బాయి. మీరేమంటారు?

గూడూరు నిమ్మ:
భ్రమ కాదు. మా ఊరి టీకొట్లో కూడా కడవే.

పెన్నా గట్టు:
భ్రమ కాదు గానీ కడవ మహిమా కాదు. స్పీకరు కోను ముందుకు తోసినప్పుడు వెనక గాలి పల్చబడుతుంది. అడ్డేం లేకపోతే ముందు గాలి అంచు చుట్టి వెనక్కి పోయి, రెండూ చెల్లుకు చెల్లు. అందులో ఎక్కువ పోయేది బేసే. రెండడుగుల చెక్కకు రంధ్రం కొట్టి బిగించినా బేస్ నిలుస్తుంది. చిన్న కడవైతే లోపలి గాలి స్ప్రింగులా బిగుసుకుని స్పీకరు రెజొనెన్స్, అంటే అది తనంతట తాను ఎక్కువగా ఊగే స్వరం, పైకి పోతుంది. మూతి దగ్గర సందుంటే ఒకే స్వరం బుడుంగు బుడుంగుమంటుంది. దాన్నే బేస్ అనుకున్నాం. మెకానిక్కులకు ఇదేం తెలీదు, ఒకర్ని చూసి ఒకరు పెట్టినారు.

రామాయపట్నం రేవు:
సందు ఎవరు పెట్టినారండీ? మా నాయన సైకిల్ ట్యూబు ఉంగరంలా కత్తిరించి మూతికీ స్పీకరుకీ మధ్య వేసేవాడు. వైరు బయటికొచ్చే బెజ్జానికి మైనం. అట్టపెట్టెలో పెడితే అట్ట అదురుతుంది, పల్చటి చెక్కా అదురుతుంది. కడవ గుండ్రం, పైగా మందం, అదరదు. తెలీకుండానే చేసినాడా ఇదంతా?

పెన్నా గట్టు:
ట్యూబు ఎందుకు వేసినాడో మీకు చెప్పినాడా?

రామాయపట్నం రేవు:
సందు ఉండకూడదనే వేసినాడు.

పెన్నా గట్టు:
సందుంటే ఏమవుతుందో అది చెప్పినాడా అని అడుగుతున్నా. చెయ్యి తిరగడం వేరు, తెలియడం వేరు. అతికించడం ఎలక్ట్రానిక్స్ కాదు.

చీమకుర్తి:
కడవ కింద గడ్డి చుట్ట వేస్తే ఇంకా బాగుంటుంది.

రామాయపట్నం రేవు:
అతికించడమా? 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటింది గుర్తుందా నీకు? కరెంటు లేదు. జనం తడిసిన రేడియోలు గోతాంలో వేసుకుని మా బడ్డీ కొట్టు ముందు కూర్చున్నారు. మా నాయన ఒక్కోటి విప్పి, స్టేషను మార్చే గ్యాంగ్ కండెన్సరు రేకుల మధ్య పేరుకున్న ఉప్పును మంచినీళ్ళతో కడిగి, స్పిరిట్ ముంచిన బ్రష్షుతో తుడిచి, ఎండలో ఆరబెట్టి, నాలుగు టార్చి సెల్లులు కట్టి విజయవాడ పట్టించినాడు. 837 కిలోహెర్ట్జ్. వార్తలు వచ్చినాయి. పైసా తీసుకోలా. నీ ఇంజనీరింగు పుస్తకం ఆ పూట మా ఊరికి రాలా.

గూడూరు నిమ్మ:
అన్నా, నువ్వు అనొద్దు, మీరు అనండి. పెద్దాయన గదా.

పెన్నా గట్టు:
నేనేం పుస్తకంలో పుట్టలా. పదమూడేళ్ళప్పుడు మా వీధి చివర మెకానిక్ దగ్గర రెండు వేసవులు స్క్రూలు అందించినా, టీలు మోసినా. మీటరు ముల్లు ఎందుకు కదిలిందంటే నాకు వీపు తిప్పి కూర్చునేవాడు. కొత్త ఐసీ వస్తే ముందు దాని మీద నంబరు ఉప్పుకాగితంతో రుద్దేసేవాడు. ఆ తెల్లటి గీతలు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నాయి. అంత చిన్నపిల్లాడు ఏం దోచుకుపోతాడని?

రామాయపట్నం రేవు:
మా నాయనా రుద్దేవాడు.

పెన్నా గట్టు:
మరి?

రామాయపట్నం రేవు:
నంబరు తెలిస్తే గిరాకీ మద్రాసు రైలెక్కి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజార్లో తనే కొనుక్కుంటాడు. ఎదురుగా ఇంకో కొట్టు పడుతుంది. మా అమ్మ బియ్యం ఆ రుద్దిన నంబరుతోనే తెచ్చింది సార్. దాన్ని తప్పంటే నేను ఒప్పుకోను.

పెన్నా గట్టు:
మీ ఇంటి బియ్యం గురించి నేను తప్పు అనడంలా. కానీ పదమూడేళ్ళప్పుడు తెలియాల్సింది నాకు కాలేజీకి పోయినాక తెలిసింది. అట్టా ఎంతమంది పిల్లలు స్క్రూడ్రైవరు పక్కన పెట్టేసినారో. దాచుకున్న విద్య ఆయనతోనే పోయింది గదా, అది తప్పే.

రామాయపట్నం రేవు:
నాకూ చెప్పలా ఆయన. బడికి పో, ఈ పొగలో ఎందుకు అనేవాడు. ట్యూబు కత్తిరించేది మాత్రం నా చేత చేయించేవాడు.

సముద్రపుగాలి (కావలి):
అన్నా, ఆ ట్యూబు ఉంగరం ఎంత వెడల్పు? ఆదివారం మా అబ్బాయితో కలిసి కట్టి చూస్తా.

రామాయపట్నం రేవు:
బొటనవేలంత. కత్తెరతో వద్దు, అంచు వంకర పోతుంది. బ్లేడుతో కొయ్యండి, ట్యూబు తడిపి.