డజను లిల్లీ దుంపలు పాతితే నాలుగే మొలిచాయి, తప్పు ఎక్కడ జరిగింది?

పెరటి_పిచ్చి (ఎడిసన్, న్యూజెర్సీ):
అందరికీ నమస్తే. ఇల్లు కొని మూడేళ్లయింది. బీర, వంకాయ, గోంగూర అన్నీ కాస్తున్నాయి, పూల దగ్గరే నా చెయ్యి అచ్చిరావడం లేదు. పోయిన సెప్టెంబర్‌లో ప్యాకెట్ మీద బొమ్మ చూసి మురిసిపోయి ఏషియాటిక్ లిల్లీ దుంపలు ఆరు ఎర్రవి, ఆరు పసుపువి తెచ్చాను. తెచ్చిన వారానికే బతుకమ్మ హడావుడి, ఆ వెంటనే దీపావళి, మధ్యలో మా అత్తయ్య వాళ్లు ఇండియా నుంచి రావడం, దాంతో అవి గరాజ్‌లో అదే కవర్లో ఉండిపోయాయి. నవంబర్ మొదట్లో గుర్తొచ్చి, డ్రైవ్‌వే పక్కన మూడంగుళాల గుంటలు తీసి పాతేశాను. మాది ఎర్రటి బంకమట్టి, వాన పడితే చెప్పులు ఊడిరావు, ఎండితే ఇటుకే. ఏప్రిల్‌లో నాలుగు మొలిచాయి. మొగ్గ కనబడగానే ఒకదాన్ని రాత్రికి రాత్రి జింకలు కొరికేశాయి, మిగిలిన మూడూ జూన్‌లో పూశాయి కానీ మోకాలెత్తు కూడా లేవు, గాలికి పక్కకి పడిపోయాయి. ఇప్పుడు ఆకులు పసుపు తిరుగుతున్నాయి, మొదటికంటా కోసి పారేద్దాం అని మా ఆయన కత్తెర పట్టుకుని తిరుగుతున్నారు. కోయనివ్వాలా? మళ్లీ దుంపలు తేవాలా, లేక బుద్ధిగా బంతి నారు పోసుకోవాలా?

కొండమల్లి (మసాచుసెట్స్):
ముందు ఆ కత్తెర లాక్కోండి అమ్మా! పచ్చగా ఉన్నన్నాళ్లూ ఆ ఆకులే వచ్చే ఏటికి దుంపని మేపుతాయి. వాడిన పూలు మాత్రం తుంచేయండి, లేకపోతే కాయ కట్టి బలమంతా గింజలకి పోతుంది. కాడ మొత్తం ఎండి గడ్డిలా అయ్యాక అప్పుడు కోయండి. వాజ్‌లో పెట్టుకోవడానికి కోసినా కాడలో మూడింట రెండు వంతులు మొక్కకే వదిలేయాలి.

ఇక అసలు సంగతి. లిల్లీ దుంపని మీరు ఉల్లిగడ్డలా చూశారు. ఉల్లికీ ట్యులిప్‌కీ పైన ఎండు పొర ఉంటుంది, నెలల తరబడి గంపలో పడేసినా ఏం కాదు. లిల్లీకి ఆ చొక్కా లేదు, కండగల రేకులు ఒకదాని మీద ఒకటి ఉత్తినే అతుక్కుని ఉంటాయి. పైగా అది పూర్తిగా నిద్రపోయే దుంప కాదు, అడుగున వేళ్లు బతికే ఉండాలి. అయిదారు వారాలు గరాజ్‌లో ఉంటే వేళ్లెండి రేకులు వడిలిపోతాయి. కొనేటప్పుడు వేలితో నొక్కి చూడండి, గట్టిగా ఉండి కింద నాలుగు వేళ్లు వేలాడుతుంటే తెచ్చుకోండి, మెత్తబడినా బూజు కనిపించినా చవకగా ఇచ్చినా వద్దు. తెచ్చిన రోజో మర్నాడో నేలలో పడాలి. పండగ అడ్డొస్తే కాస్త తడి పొట్టులో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, పక్కన యాపిల్స్ మాత్రం ఉండకూడదు.

లోతు కూడా తక్కువైంది. దుంప ఎత్తుకి సుమారు మూడింతలు, అంటే ఏషియాటిక్‌కి అయిదారంగుళాల లోతు ఉండాలి. ఎందుకంటే దుంప పైన, మట్టిలో ఉన్న కాడకి కూడా వేళ్లు పుడతాయి, మొక్కని నిలబెట్టేవీ చాలామటుకు మేపేవీ అవే. పైపైన పాతితే ఆ వేళ్లకి చోటెక్కడిది? అందుకే మీవి పొట్టిగా వచ్చి వాలిపోయాయి. ఒక్క మడోనా లిల్లీకి మాత్రం ఇది వర్తించదు, దానిపైన అంగుళం మట్టి చాలు.

బంకమట్టిలో గుంట తీసి అందులో మంచి మట్టి నింపితే అది గిన్నె అవుతుంది, చలికాలమంతా నీళ్లు నిలిచి దుంప కుళ్లుతుంది. అలా కాకుండా నేల మీదే ఎనిమిది, పదంగుళాల ఎత్తున మడి కట్టి, కంపోస్టూ సన్న కంకరా కలిపి అందులో పాతండి. ఇసుక కలుపుదామని మాత్రం చూడకండి, కాస్త ఇసుక పడ్డ బంకమట్టి ఇంకా గట్టిపడుతుంది, ఆ ప్రయోగం నేను చేసి గునపం వంకర చేసుకున్నాను.

ఆరు గంటల ఎండ తగలాలి, మొక్క మొదలు దగ్గర మట్టి మాత్రం చల్లగా ఉండాలి, చుట్టూ పొట్టి మొక్కలేవైనా వేయండి.

ఎర్రపురుగు_బాధితుడు (బోస్టన్ దగ్గర):
పైన అక్క అన్నీ చెప్పింది కానీ మా ఊరి శత్రువుని మర్చిపోయింది. లిల్లీ బీటిల్. నిగనిగలాడే ఎర్రటి పురుగు, బియ్యపు గింజ కన్నా కాస్త పెద్దది. అమెరికాలో మొదట 1992లో మా పక్క కేంబ్రిడ్జ్‌లోనే కనబడింది, అక్కణ్ణించి పాకింది. ముట్టుకోబోతే వెల్లకిలా కింద పడుతుంది, పొట్ట నల్లగా ఉంటుంది కాబట్టి మట్టిలో ఇక కనబడదు. అందుకే ఆకు కింద సబ్బునీళ్ల కప్పు పట్టుకుని పైనుంచి తట్టాలి. దీని పిల్లల సంగతి చెబితే అన్నం తినరు, తమ రెట్టనే వీపు మీద మోస్తూ తిరుగుతాయి, ఆకు మీద బురద ముద్దలా ఉంటుంది. చిన్నవాటికి వేపనూనె పనిచేస్తుంది, పెద్దవాటిని ఏరడమే గతి. మే నెలంతా ఆకుల అడుగున నారింజ రంగు గుడ్ల వరసలు వెతుకుతూ ఉండాలి.

మూడు_పిల్లుల_అమ్మ:
ఎవరింట్లోనైనా పిల్లి ఉంటే లిల్లీ జోలికి వెళ్లకండి, పెరట్లో వద్దు, వాజ్‌లో అసలే వద్దు. ఆకు, పువ్వు, వాజ్‌లో నీళ్లు, ఆఖరికి బొచ్చు మీద పడ్డ పుప్పొడి నాకినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి. డేలిలీ అసలు లిల్లీయే కాదు, కానీ దాంతో కూడా పిల్లికి ఇదే ప్రమాదం. తిన్నదని అనుమానం వస్తే వాంతి కోసం చూస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

బాల్కనీ_రైతు (హైదరాబాద్):
టాపిక్ మారుస్తున్నందుకు సారీ అండి. మా నిజాంపేట బాల్కనీలో కుండీలో లిల్లీ దుంపలు పెడితే మొదటి ఏడాది అద్భుతంగా పూసి రెండో ఏడు అయిపు లేదు. ఎందుకంటారు?

కొండమల్లి:
బాబూ, అవి చల్లటి గదిలో వారాల తరబడి ఉంచి పంపిన దుంపలు, ఆ చలి బలంతో ఒకసారి పూశాయి. మీ ఊరి డిసెంబర్ వాటికి చాలదు, మే నెల అసలే పడదు. ప్రతి ఏటా కొత్తవి కొనే ఓపిక ఉంటే సరే. లేదా వాన లిల్లీలు పెట్టుకోండి, తొలకరి పడగానే గుత్తులుగా పూస్తాయి. గుడిమల్కాపూర్ మార్కెట్లో లిల్లీ పూలని అమ్మేవి నేలసంపెంగలు, దీనికీ వాటికీ పేరొక్కటే కలిసింది, కానీ మీ ఎండకి అవే హాయిగా ఉంటాయి.

పెరటి_పిచ్చి:
ఇప్పుడే మొలవని చోట్లన్నీ తవ్వి చూశాను. అయిదు చోట్ల ఏమీ లేదు, ఎలకో ఉడతో తినేసినట్టుంది. రెండు దుంపలు చేత్తో తీయగానే పెరుగులా జారిపోయాయి, ఒకటే కంపు. ఒకటి మాత్రం పైన రేకులు ఊడిపోయినా, విడిపోయిన రేకు మొదట్లో సెనగగింజంత తెల్ల దుంప పుట్టి ఉంది, దానికి వెంట్రుకంత వేరు కూడా! అది బతుకుతుందా?

కొండమల్లి:
బతుకుతుంది. ఒక్కో రేకూ ఒక మొక్కే. అంగుళం లోతున చిన్న కుండీలో పెట్టండి, పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పెద్ద దుంపలకి ఈసారి అరంగుళం కన్నాల ఇనప జాలీ బుట్టలా వంచి అందులో పాతండి, ఎలకలు రావు. జింకల మందు మొగ్గ రాకముందు నుంచే కొట్టాలి, వాన వెలిశాక మళ్లీ కొట్టాలి.

పెరటి_పిచ్చి:
థాంక్స్ అక్కా. మడికి కంకర రేపు తెస్తాను. కత్తెర మిషన్ కింద దాచాను, ఇంకా వెతుకుతున్నారు.